నిఘంటువు పక్కన పెట్టుకుని పాట కట్టినవాడు

ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఇరవై ఏళ్ల కిందట నా దగ్గర సంస్కృతం చదువుకుంది. శబ్దాలూ ధాతువులూ వల్లె వేయిస్తుంటే తక్కిన పిల్లలు గంట ఎప్పుడు కొడతారా అని చూసేవాళ్లు. ఈ పిల్ల మాత్రం నిఘంటువులో ఒక మాట కోసం వెతుకుతూ దాని పక్క మాట దగ్గర ఆగిపోయేది. మొన్న సంక్రాంతికి వచ్చి, ఒక ఇంగ్లీషు సంగీతకర్త మీద రాసిన పుస్తకం రాతప్రతి నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ముందుమాట మీరే రాయాలి" అంది. పాశ్చాత్య సంగీతం తెలిసినవాళ్లు ఉండగా నేనెందుకమ్మా అన్నాను. "ఆయన కూడా మీలాగే నిఘంటువు ముందేసుకుని కూర్చున్నవాడు మాస్టారూ" అంది. ఆ ఒక్క మాటకి ఒప్పుకున్నాను.

ఆయన పేరు గుస్టావ్ హోల్‌స్ట్. 1874 సెప్టెంబరు 21న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. తండ్రి పియానో చెప్పుకుని, చర్చిలో ఆర్గన్ వాయించుకుని బతికిన సంగీతకారుడు. తల్లి, ఈయనకు ఎనిమిదో ఏడు నిండకముందే పోయింది. కళ్లు సరిగా ఆనవు, ఉబ్బసం, వీటికి తోడు కుడిచేతిలో నరాల నొప్పి. పియానో విద్వాంసుడు కావాలని తండ్రి పడ్డ ఆశ ఆ చేతితోనే అడుగంటింది. ఊపిరికి మంచిదని ట్రాంబోన్ అనే పొడవాటి ఇత్తడి వాద్యం పట్టాడు. 1893లో లండన్ రాయల్ కాలేజీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి స్టాన్‌ఫోర్డ్ అనే సంగీతకర్త దగ్గర చదువుకున్నాడు. తరువాత చాలా ఏళ్లు ఒపెరా కంపెనీల్లో, సముద్రతీరాల్లో షికారు జనానికి వాయించే బ్యాండుల్లో ఆ ట్రాంబోన్ ఊదే పొట్టపోసుకున్నాడు. 1895లో రాల్ఫ్ వాన్ విలియమ్స్ అనే తోటి సంగీతకర్త పరిచయమయ్యాడు. ఒకరు రాసింది ఒకరి ముందు పెట్టుకుని తప్పులు దిద్దుకోవడం ఇద్దరికీ నియమం. చివరిదాకా అది తప్పలేదు. ఈ స్నేహాన్ని రచయిత్రి మూడో అధ్యాయంలో ఎంత ఆప్యాయంగా చెప్పిందో పాఠకులే చూస్తారు, నేను విప్పను.

నన్ను కట్టిపడేసింది నాలుగో అధ్యాయం. ఇరవై అయిదేళ్లు దాటీ దాటని వయసులో హోల్‌స్ట్‌కు మన ఋగ్వేదం మీద మనసు పడింది. సూక్తాలకు పాట కట్టాలనుకుని అప్పటికి అచ్చులో ఉన్న ఇంగ్లీషు అనువాదాలు తెచ్చుకుని చదివాడు. పాడటానికి ఒక్కటీ పనికిరాలేదు. ఇంకొకరైతే ఉన్నవాటిలో మంచిదాన్ని ఏరుకుని పని కానిచ్చేవారు. ఈయన మేబెల్ బోడ్ అనే పండితురాలి దగ్గరకు వెళ్లి దేవనాగరి లిపి దిద్దడం మొదలుపెట్టాడు. ట్రాంబోన్ ఊది బతుకుతూనే వ్యాకరణం చదివాడు. ధారాళంగా సంస్కృతం చదివే స్థాయి ఆయనకెప్పుడూ రాలేదు. నిఘంటువు సాయంతో ఒక్కొక్క పదం విడదీసుకుని, అర్థం కూర్చుకుని, ఇంగ్లీషులో పాడటానికి వీలైన మాటలు తానే రాసుకున్నాడు.

దీన్ని చెప్పేటప్పుడు మనవాళ్లకు ఒక అలవాటుంది. ఫలానా దొర మన వేదాన్ని మెచ్చుకున్నాడు, మన శాస్త్రాన్ని పొగిడాడు అని చెప్పుకుని ఛాతీ విరుచుకుంటాం. ఈ పుస్తకంలో ఆ ధోరణి ఒక్క వాక్యంలోనైనా లేదు, అందుకు రచయిత్రిని మనసారా అభినందిస్తున్నాను. హోల్‌స్ట్ మన దేశం రాలేదు. మన రాగాలు నేర్చుకోలేదు, మన సంగీతంలా వినిపించాలని ప్రయత్నించనూ లేదు. సూక్తం ముందు విద్యార్థిగా కూర్చున్నాడు, అర్థమైనంత మేరకు తన సంగీతంలో పలికించాడు. మెచ్చుకోలుకి నోరుంటే చాలు. ముప్పై ఏళ్లు ఈ భాష చెప్పినవాణ్ణి, ఒక శబ్దం పట్టుబడటానికి ఎన్ని రాత్రులు పడుతుందో నాకు తెలుసు. అందుకే ఆయన పడ్డ శ్రమకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఆ శ్రమ వెంటనే ఫలించలేదు. రామాయణం తీసుకుని 'సీత' అని మూడంకాల ఒపెరా రాశాడు. 1900 నుంచి 1906 దాకా ఆరేళ్లు పట్టింది. రికార్డీ అనే సంగీత ప్రచురణ సంస్థ పెట్టిన పోటీకి పంపితే బహుమతి రాలేదు. వాగ్నర్ అనే జర్మన్ మహాకర్తకు ఆ రోజుల్లో యూరప్ అంతా దాసోహం, సీతలో వినిపించేదంతా ఆ వాగ్నర్ కంఠమే. ఆ మాట తరువాత హోల్‌స్టే ఒప్పుకున్నాడు. నొచ్చుకున్న మనసుతో, ఉబ్బసంతో, వైద్యుల సలహా మీద 1908లో అల్జీరియా వెళ్లాడు. అక్కడి వీధుల్లో విన్న ఒక చిన్న వేణునాదం 'బెనీ మోరా' అనే కృతిలో వందసార్లకు పైగా మళ్లీ మళ్లీ వస్తుంది.

అదే 1908లో 'సావిత్రి' పుట్టింది. ఈ పుస్తకంలో నా మనసుకి అన్నిటికన్నా దగ్గరైన అధ్యాయం ఇదే కనుక కాస్త నిలిచి చెబుతాను. పేరు ఇంగ్లీషులో అచ్చువేసినప్పుడు కూడా మొదటి అక్షరం మీద దీర్ఘం గుర్తు ఉంటుంది. ఆ చిన్న గీత చూడగానే, ఈయన అక్షరాలు దిద్దినవాడే అని నాకు నమ్మకం కుదిరింది. మూడంకాల సీత ఎక్కడ, అరగంటలో అయిపోయే సావిత్రి ఎక్కడ! పాత్రలు ముగ్గురే: సావిత్రి, సత్యవంతుడు, మృత్యువు. వాద్యకారులు పన్నెండుమంది: రెండు తంత్రీ చతుష్టయాలు, ఒక డబుల్ బాస్, రెండు ఫ్లూట్లు, ఒక కోర్ ఆంగ్లే. కనబడకుండా పాడే స్త్రీల బృందం ఒకటి. తెర అక్కర్లేదు. ఆరుబయట, చెట్ల మధ్య ఆడుకోవచ్చునని ఆయనే సూచించాడు.

రచయిత్రి రాతప్రతితో పాటు ఈ ఒపెరా కూడా నాకు వినిపించింది. మా ఇంటి వసారాలో, సాయంత్రం దీపం పెట్టే వేళ, ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. ఒక మగగొంతు మొదలైంది, వెనక ఏమీ లేదు. యంత్రం చెడిందేమో, వాద్యాలు వినబడటం లేదేమో అనుకున్నాను. "అంతే మాస్టారూ, మృత్యువు అలాగే వస్తుంది" అంది. తంబూరా లేకుండా గొంతు విప్పడం ఎరగని సంప్రదాయం మనది. శ్రుతి అనే నేల లేకుండా, చీకట్లోంచి ఆ గొంతు సావిత్రిని పేరు పెట్టి పిలుస్తూ దగ్గరకు వస్తుంది. కాసేపటికి సావిత్రి గొంతు కలుస్తుంది. అయితే అది కలవడం కాదు. ఆమె శ్రుతి ఆమెది, మృత్యువు శ్రుతి మృత్యువుది. రెండూ పక్కపక్కన నడుస్తాయి, ఒకదానిలో ఒకటి ఒదగవు. భర్త ప్రాణం పోయే రోజు తెల్లారిందని తెలిసిన ఇల్లాలి గుండె ఎలా ఉంటుందో అంతకన్నా చెప్పడానికి మాట లేదు. వొళ్లు జలదరించింది.

మన కథలో సావిత్రి యముడి వెంట నడుస్తుంది. నడుస్తూ ధర్మం మాట్లాడుతుంది. మామగారి చూపు, రాజ్యం, తండ్రికి కొడుకులు, తనకు కొడుకులు అని వరుసగా వరాలు పొందుతుంది. అరణ్యపర్వశేషంలో ఎర్రన చేతిలో ఆ నడక మనకు తెలిసిందే. హోల్‌స్ట్ నడక తీసేశాడు. ఆయన సావిత్రి మృత్యువుకు ఎదురేగి అతిథిని ఆహ్వానించినట్టు స్వాగతం చెబుతుంది. భర్త ప్రాణం తప్ప నీకోసం ఏదైనా కోరుకో అంటే జీవితం కోరుతుంది, నిండు జీవితం. భర్త లేకుండా అది నిండదు కాబట్టి మృత్యువు మాటకు కట్టుబడిపోతాడు. వరాల వరుస ఒక్క వరంలోకి కుదించుకుపోయింది. పైగా సత్యవంతుడి నోటా మృత్యువు నోటా 'మాయ' అన్న మాట పలికించాడు. ఉపాఖ్యానంలో లేని వేదాంతం ఇందులో ఎందుకు చొప్పించాడని రచయిత్రి కొంచెం కటువుగానే అడిగింది. ఇక్కడ నేను ఆమెతో ఏకీభవించను. మూలాన్ని చదివినవాడు మార్చడం వేరు, చదవనివాడు మార్చడం వేరు. హోల్‌స్ట్ దేన్ని వదిలాడో తెలిసే వదిలాడు.

సీతలో అన్ని మాటలు వాడినవాడు సావిత్రికి వచ్చేసరికి ఇంత పొదుపరి ఎలా అయ్యాడు? ఇంగ్లండు జానపదగీతాలు నేర్పిన సరళత కారణమని రచయిత్రి అంది. నిజమే. దానికి నేను ఇంకొకటి చేరుస్తాను. 1908 నుంచి 1912 దాకా ఆయన ఋగ్వేద సూక్తాలకు నాలుగు వరుసల బృందగానాలు కట్టాడు. ఉషస్సు, వరుణుడు, అగ్ని, జలాలు, దూరమైపోతున్న మనస్సును వెనక్కి రమ్మని పిలిచే సూక్తం. 'తెలియని దేవుడికి' అని పేరు పెట్టిన పాట మన హిరణ్యగర్భ సూక్తం. మూడో వరుస స్త్రీల గొంతులకూ హార్ప్‌కూ మాత్రమే. ఋక్కులో మాట కొంచెం, దాని చుట్టూ ఖాళీ ఎక్కువ. ఒక్కొక్క పదం నిఘంటువులో వెతుక్కుంటూ అలాంటి భాషలో ఏళ్లు గడిపినవాడికి అనవసరమైన మాట రాయడానికి చెయ్యి రాదు.

మేఘసందేశం కథ మాత్రం విచారం. కాళిదాసును తానే ఇంగ్లీషు చేసుకుని, పెద్ద బృందంతో, పూర్తి ఆర్కెస్ట్రాతో 'ది క్లౌడ్ మెసెంజర్' రాశాడు. 1913 మార్చిలో లండన్ క్వీన్స్ హాల్‌లో పాడించారు. జనానికి పట్టలేదు. ఆయన బాగా కుంగిపోయాడు. బాల్ఫర్ గార్డినర్ అనే మిత్రుడు ఖర్చు తానే పెట్టుకుని ఆయన్ను స్పెయిన్ వైపు విహారానికి తీసుకువెళ్లాడు. వెంట వచ్చిన క్లిఫర్డ్ బాక్స్ దారిలో జ్యోతిషం ముచ్చట్లు మొదలుపెట్టాడు. ప్రపంచమంతా ఆయన్ను గుర్తుంచుకున్న 'ది ప్లానెట్స్' బీజం అక్కడ పడింది.

గ్రహాల మీద కృతులు అనగానే మనకు ముత్తుస్వామి దీక్షితులు గుర్తొస్తారు. ఏడు వారాలకు ఏడు కీర్తనలు, సూళాది సప్తతాళాల్లో. సూర్యుడికి సౌరాష్ట్రం, అంగారకుడికి సురటి, శనికి యదుకుల కాంభోజి. అవి ప్రార్థనలు, గ్రహదేవత ముందు చేతులు జోడించినవి. హోల్‌స్ట్ ఏడింటిలో సూర్యచంద్రులు లేరు, యురేనస్, నెప్ట్యూన్ ఉన్నారు. ప్రార్థన లేదు, మనిషి స్వభావాలున్నాయి. యుద్ధం తెచ్చే కుజుడు, ముసలితనం తెచ్చే శని. మొదలుపెట్టింది కుజుడితో, 1914లో. అయిదు దెబ్బల లెక్క. తకిట-తా-తా-తక-తా అని చేత్తో తొడ మీద వేసుకుంటూ వినండి, అదే. తంత్రీవాద్యకారులు కమానును తిప్పి కర్రవైపుతో తీగల మీద కొడతారు. సైనికుల కవాతు రెండు కాళ్ల లెక్క కాబట్టి రెండులోనో నాలుగులోనో నడవాలి. అయిదులో ఎవరూ కవాతు చేయలేరు. ఆ లెక్కలో నడుస్తున్నది మనుషులు కాదు, ఇంకేదో. ఖండచాపు మనకు ఎంత ముద్దొచ్చే తాళం! అదే అయిదు ఇక్కడ కడుపులో దేవుతుంది.

ఇదంతా ఆయన ఎప్పుడు రాశాడంటే ఆదివారాలు. వారమంతా బడి. 1905 నుంచి చనిపోయేదాకా హామర్‌స్మిత్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో సంగీతాధ్యాపకుడు. సాయంత్రాలు మోర్లీ కాలేజీలో పగలంతా కష్టపడి వచ్చే పనివాళ్లకు పాఠాలు. పర్సెల్ అనే పాతకాలపు ఇంగ్లీషు సంగీతకర్త రాసిన 'ది ఫెయిరీ క్వీన్' 1697 తరువాత ఎవరూ ఆడలేదు. ఆ పనివాళ్ల చేతే వాద్యాల భాగాలన్నీ నకలు రాయించి, వాళ్ల చేతే 1911లో పాడించాడు. బడిలో ఆయనకు చప్పుడు చొరబడని గది ఒకటి ఇచ్చారు. సెలవుల్లో, ఆదివారాల్లో ఆ గదిలో కూర్చునేవాడు. చెయ్యి నొప్పితో కలం పట్టలేనప్పుడు వ్యాలీ లాస్కర్, నోరా డే అనే ఇద్దరు సహోపాధ్యాయినులు ఆయన చెబుతుంటే స్వరలిపి రాశారు. 1918 సెప్టెంబరు 29న, గార్డినరే మళ్లీ డబ్బు పెట్టి, వాద్యబృందాన్ని ఏడ్రియన్ బౌల్ట్ నడపగా, పిలిచినవాళ్ల ముందు మొదటిసారి 'ది ప్లానెట్స్' పలికింది. ముందు రిహార్సలు సుమారు రెండు గంటలు మాత్రమే. చివర నెప్ట్యూన్‌లో పక్క గదిలోంచి పాడే స్త్రీల బృందంలో ఆయన బడిపిల్లలున్నారు. ఆ గొంతులు ఆగవు. గది తలుపు చప్పుడు లేకుండా నెమ్మదిగా మూస్తారు, అంతే. పాట ఎక్కడ అయిపోయిందో వినేవాడికి తెలియదు.

తరువాత వచ్చిన కీర్తి ఆయనకు భారమే అయింది. దాన్ని రచయిత్రి చక్కగా రాసింది కానీ, 1927లో రాసిన 'ఎగ్డన్ హీత్'కు రెండే పేజీలిచ్చింది. నవలాకారుడు థామస్ హార్డీకి అర్పించిన ఆ కృతినే హోల్‌స్ట్ తన పనిలో ఉత్తమమైనదిగా ఎంచాడు. మలి ముద్రణలో దానికి ఒక అధ్యాయం పెట్టమని కోరుతున్నాను. 1934 మే 25న, కడుపులో పుండుకు శస్త్రచికిత్స జరిగాక, గుండె ఆగి ఆయన కన్నుమూశాడు. అప్పటికి అరవై నిండలేదు. అస్థికలు చిచెస్టర్ కెథీడ్రల్‌లో ఉన్నాయి.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఇమోజెన్ హోల్‌స్ట్ కూడా సంగీతజ్ఞురాలే. 1938లో తండ్రి జీవితం రాసింది. 1950 చివర్లో ఆమె శాంతినికేతన్ వచ్చి కొన్ని వారాలుండి, తన సంగీతం చెప్పి, మన పాటలు నేర్చుకుంది. ఇంటికి వెళ్లాక మన జానపద బాణీలు పది ఏరి, బడిపిల్లలు ఊదుకునే రికార్డర్ అనే చిన్న పిల్లనగ్రోవికి కూర్చి 1953లో అచ్చు వేయించింది. పుస్తకం చివరి అధ్యాయం ఆమె మీదే. అది చదివాక, రాసిన అమ్మాయికి ఫోను చేసి, ఆ పది బాణీలు నేను వినాలి అన్నాను. రికార్డర్ కొనుక్కుని సాధన చేస్తున్నానని, ఆరు వచ్చాయని, మిగతా నాలుగూ పట్టుబడ్డాక వసారాలో కూర్చుని వినిపిస్తానని చెప్పింది.