గాజుముక్కల బొమ్మలు

చండీగఢ్ నగర నిర్మాణానికి పాత పల్లెలను పడగొట్టారు. ఆ శిథిలాలను, నగరపు చెత్తకుప్పలను వెతికి పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు ఏరి దాచినవాడు రోడ్డు ఇన్‌స్పెక్టరు నేక్ చంద్. దేశవిభజనలో సొంత ఊరు పోగొట్టుకొన్న మనిషి. అడవిలో రహస్యంగా ఆయన పేర్చిన శిలావనాన్ని 1976లో ప్రజలకు తెరిచారు.

ఒకే తీరున వరుసలు కట్టిన బొమ్మలు కొంత విసుగు పుట్టించును, నిజమే. కాని గాజుల స్త్రీమూర్తుల ముందు ఆ మాట నిలువదు. బొమ్మలో ఒదిగిన ముక్క ఇంకా గాజుగానే కనబడుతుంది. ఏ ఇల్లాలి చేతిదో అనిపిస్తుంది. ఈ కళకు బలం అదే.

ఓడలెక్కి వచ్చిన మన పెద్దల రుబ్బురోళ్లు, చెరకు కత్తులు ఇల్లు మారినప్పుడల్లా చెత్తలోకి పోతున్నవి. ఒక మూల దాచండి. వాటితో ఏమి చేయాలో మన పిల్లల్లో ఒకరికి తోచవచ్చును.