ఉపదేశం నుంచి ప్రతిజ్ఞకు: నవయాన బౌద్ధంలో యువతకు నీతిబోధ

కార్తిక మాసంలో సూర్యలంక తీరాన వేకువనే సముద్రస్నానం చేసి, తడిబట్టలతో తూర్పుకు తిరిగి నమస్కరించే జనం కనిపిస్తారు. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తం దాదాపు ఇటువంటి దృశ్యంతోనే మొదలవుతుంది. రాజగృహంలో సిగాలుడనే గృహస్థ యువకుడు తడిసిన జుట్టుతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటాడు. తండ్రి మరణసమయంలో చెప్పిన మాట అది; అంతకుమించి అతడు కారణం చెప్పడు. బుద్ధుడు మొక్కు మానమనడు, దాని అర్థాన్ని మారుస్తాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం మిత్రులు, అధోదిక్కు పనివారు, ఊర్ధ్వదిక్కు శ్రమణ బ్రాహ్మణులు అవుతారు. ఆచారం మిగులుతుంది, లోపలి సరుకు మారుతుంది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞలది వేరే దారి. అక్కడ పాత ఆరాధనకు కొత్త అర్థం చెప్పే ప్రయత్నం లేదు, స్పష్టమైన నిరాకరణ ఉంది. బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగా అంగీకరించనన్న ప్రతిజ్ఞ, దశావతారాల వరుసలో బుద్ధుణ్ణి చూడటానికి అలవాటుపడిన తెలుగు పాఠకుడికి మరింత సూటిగా తగులుతుంది.

ఈ భేదం భావానిదే కాదు, వ్యాకరణానిది కూడా. తెలుగు నీతి శతకం ప్రధానంగా మధ్యమ పురుషలో నడుస్తుంది. మకుటం వినేవాణ్ణి సంబోధిస్తుంది. పెద్దవాడు చెబుతాడు, చిన్నవాడు వింటాడు. అక్కడ నిషేధం ‘చేయకు’, ‘వలదు’ అన్న రూపాల్లో వస్తుంది. సుత్తంలోనూ వక్త గురువే. 1881లో ఆల్కాట్ సింహళ బాలల కోసం రాసిన బౌద్ధ ప్రశ్నోత్తరిలో పిల్లవాడికి నోరు వచ్చింది గాని, అతడు పలికేది ముందే రాసిపెట్టిన జవాబు. ప్రతిజ్ఞలో వక్త శిష్యుడే. ‘సేవించను’ అన్న ఒక్క క్రియలో నిషేధమూ, ‘నేను’ అన్న కర్తా కలిసే ఉంటాయి. సర్వనామం లేకున్నా బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. ప్రతిజ్ఞకూ పూర్వలిఖిత పాఠమే కదా అనవచ్చు. నిజమే, అయితే జవాబు జ్ఞానాన్ని పరీక్షిస్తుంది, ప్రతిజ్ఞ నడవడిని కట్టివేస్తుంది.

సుత్తాన్ని నేటి యువతకు పాఠంగా చెప్పేటప్పుడు చిక్కు వచ్చేది అధోదిక్కు దగ్గర. శక్తికి తగిన పని, తిండి, కూలి, జబ్బులో సంరక్షణ, వేళకు విశ్రాంతి యజమాని ఇవ్వాలని సుత్తం చెబుతుంది. ఆ కాలానికి ఇది చిన్న మాట కాదు. కాని పనివాడు యజమాని కంటే ముందు లేచి, తర్వాత పడుకోవాలనీ, ఇచ్చినదే తీసుకోవాలనీ కూడా అదే సుత్తం చెబుతుంది. కారంచేడు (1985), చుండూరు (1991) దళిత హత్యాకాండలను చూసిన ఈ డెల్టాలో యజమాని దయ మీద నిలిచే నీతి చాలదు. మనుషులంతా సమానమన్న ప్రతిజ్ఞ లేకుండా సిగాలోవాదాన్ని విడిగా బోధిస్తే, అది వినయపాఠంగానే మిగిలే ప్రమాదం ఉంది. కొందరు సుత్తాన్ని కేవలం సచ్ఛీల బోధగా చదవడంలోని లోపం ఇదే.

ప్రతిజ్ఞకూ పరిమితి ఉంది. లక్షల గొంతులు ఒకేసారి పలికినా దాని క్రియ ఏకవచనమే. రేపల్లె, తెనాలి ప్రాంతంలోని భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతుకరండాల శాసనాల్లో రాజు కుబిరకుడు సింహగోష్ఠి ప్రముఖుడిగా కనిపిస్తాడు. దాతల్లో నిగమ సభ్యులూ ఉన్నారు. ఆ శాసనాల భాష గోష్ఠిది, బహువచనానిది. కారంచేడు తర్వాత ఏర్పడిన దళిత మహాసభ మాట్లాడినదీ బహువచనంలోనే. నవయాన నీతిబోధపై సాగే అధ్యయనం ‘చేయకు’, ‘చేయను’లతో పాటు ఈ ‘చేయము’ను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.