దుమ్ములగొండ్లు ఎటు పోయినయి?

2000 సంవత్సరంలో, నాకు పదేండ్లప్పుడు, మా ఊరి పటేలింట్లకు సీడీ ప్లేయర్ వచ్చింది. ఆ ఇంటి పిల్లగాడు నా క్లాసే. 'లయన్ కింగ్' బొమ్మల సినిమా వేస్తే వాళ్లంతా హాల్లో కూర్చున్నారు. నేను గడప ఇవతల అరుగు మీద. ఇంగ్లీషు మాటలు తెల్వకపోయినా బొమ్మలు అర్థమైనయి. సింహాల రాజ్యమంతా బంగారు ఎండ. పొలిమేర అవతల బూడిద రంగు చీకటి, ఏనుగుల బొక్కల గుట్టలు. అక్కడ దుమ్ములగొండ్లు. ఆ సీను రాంగనే పటేలు కొడుకు నా దిక్కు తిరిగి, "అరేయ్, గిది మీ వాడ ఎన్క జాగనే కదరా" అన్నడు. అందరూ నవ్విండ్రు. నేనూ నవ్విన.

మా తాత చచ్చిన గొడ్లను కోసి తోలు తీసేటోడు. వాడ వెనక బొక్కలు ఎండేవి. ఆ సినిమా నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పే మాట ఆనాడు నా దగ్గర లేదు.

ఇప్పుడుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. సర్కారు బడిలో పంతులుని. 2019లో ఇదే కథ కొత్తగా తీసి, సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు గొంతులిచ్చి తెలుగులో వదిలారు. బడి పిల్లలు దాని ముచ్చటే చెప్తుంటే, నేను 1994 నాటి పాత సినిమాను మళ్లీ చూసిన.

గొప్ప పనితనం, కాదనను. చచ్చిపోయిన తండ్రి పంజా కింద దూరి పడుకునే సింహప్పిల్లను చూస్తే కండ్లు తడిసినయి. ఆనాడు ఏడ్వలేదు. అప్పుడే ఎగతాళి పడ్డ పోరనికి రాజు చావు మీద ఏడ్పెట్లొస్తది?

ముఫాసా కొడుక్కి ధర్మం చెప్తడు: మనం జింకల్ని తింటాం, మనం చచ్చి గడ్డయితాం, ఆ గడ్డిని జింకలు తింటయి, అంతా ఒక చక్రం. మంచిదే. మరి ఆ చక్రంలో దుమ్ములగొండి ఏది? కళేబరం తిని అడవిని శుభ్రం చేసే జంతువును చక్రం బయట పెట్టి, దాన్ని ప్రకృతి అన్నారు. చండాలుడు ఊరి బయట బతకాలని రాసిన మనుస్మృతి కూడా దాన్ని ధర్మమనే అన్నది.

అసలు ప్రకృతి వేరే చెప్తది. ఆఫ్రికాలో దుమ్ములగొండ్ల వెంట తిరిగి చూసిన హాన్స్ క్రూక్ 1972లో పుస్తకం రాసిండు. అవి రాత్రుళ్లు వేటాడే జంతువులు. అవి కొట్టిన వేటను సింహాలొచ్చి గుంజుకుంటయి. కష్టమెవరిది, దొంగ పేరెవరికి?

గొంతుల సంగతీ చూడాలి. దుమ్ములగొండ్ల నాయకురాలు షెంజికి గొంతిచ్చింది నల్లజాతి నటి వూపీ గోల్డ్‌బర్గ్. ముఫాసాకి గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ కూడా నల్లవాడే. కాబట్టి ఇది ఒట్టి రంగు లెక్క కాదు. రాజుకి దర్బారు ఇంగ్లీషు, దుమ్ములగొండ్లకి వీధి ఇంగ్లీషు. మన తెలుగు సినిమాల్లో ఏండ్ల తరబడి తెలంగాణ యాస రౌడీకీ జోకరుకే దక్కలేదా?

చిన్నప్పుడు నాకు అందనిది ఇంకొకటుంది. స్కార్ వెలివాడోడు కాదు, రాజు తమ్ముడు. జీబ్రా కాలొకటి పడేసి, నా ఎంట నడిస్తే ఆకలుండదని ఆశ పెడతడు. గద్దెనెక్కినంక కూడా వాటి కడుపు నిండదు. చివరికి తన మీదికి రాంగనే తప్పంతా వాటి మీదికి నెడతడు. ఎన్నికలప్పుడు మా వాడకొచ్చే పెద్దమనుషుల్ని చూసినోళ్లకు స్కార్ కొత్తోడు కాదు. కానీ సినిమా ఆ మోసం దగ్గర ఆగదు. వెలిబడ్డవి లోపలికి రాంగనే వానలు బందయినట్టు, గడ్డి ఎండినట్టు చూపిస్తది. పాపం దొరది, మైల మాది.

పోయినేడు ఏడో తరగతికి ఈ సినిమా చూపించిన. బొక్కల గుట్ట సీన్లో పిల్లలు నవ్విండ్రు. మా వాడ పిలగాడొకడు అందరికంటే గట్టిగ నవ్విండు. ఆ నవ్వు నేనెరుగుదును. దుమ్ములగొండిని కాదని చూపించుకునే నవ్వది. ఆనాడు అరుగు మీద నేను నవ్వింది అదే. పటేలు కొడుకు మాటకన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

సినిమా ఆపలేదు. అయిపోయినంక ఒక్కటే అడిగిన: వాన పడ్డది, గడ్డి మొలిచింది, కొత్త రాజు గుట్టెక్కిండు. మరి దుమ్ములగొండ్లు ఎటు పోయినయి?

ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక ఆడపిల్ల, "వాటి జాగకే పోయుంటయి సార్" అన్నది.

ఆ జాగ వాటిదని ఎవరన్నరో రాసుకొని రమ్మన్న.