గోమారి తీసే చెయ్యి

గోమారి, పిడుదు, ఏ పేరుతో పిలిచినా ఇది సాలెపురుగుకు బంధువు, కీటకం కాదు. కోల్‌కతా కుక్కల మీద కనిపించేది ఎక్కువగా గోధుమరంగు కుక్క గోమారి. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద చేరి, నోరు చర్మంలోకి దించి రోజుల తరబడి రక్తం పీలుస్తుంది. ఆ నోటికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. లాలాజలం గట్టిపడి దాన్ని చర్మానికి అతికిస్తుంది. గిల్లితే రాకపోవడానికి కారణం ఇదే.

ఈ వారం ఉత్తర కోల్‌కతాలో ఒక ఇంటి అరుగు మీద పెంపుడు కుక్క చెవికి వెలిగించిన అగరుబత్తి ఆనించడం కనిపించింది. కిరోసిన్, వాజలిన్, గోళ్లరంగు కూడా ఆ కోవలోవే. బాధపెడితే గోమారి వదులుతుందన్న నమ్మకం వీటన్నిటికీ మూలం. అది వదలకపోగా కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదముంది. కుక్క చర్మం కాలడం అదనం.

చేయాల్సింది తేలిక. సన్నమొన ట్వీజర్‌తో గోమారిని చర్మానికి వీలైనంత దగ్గరగా, తల దగ్గర పట్టుకోవాలి. పొట్ట నొక్కకూడదు. మెలితిప్పకుండా, కుదపకుండా, ఒకే బలంతో నేరుగా పైకి లాగాలి. నోటి ముక్క లోపల ఉండిపోయి, సులువుగా రాకపోతే తవ్వకుండా వదిలేస్తే చర్మమే బయటకు నెడుతుంది. గాయాన్ని, చేతులను సబ్బుతో కడగాలి. తీసినదాన్ని గోళ్లతో చిదమకుండా స్పిరిట్‌లో వేయాలి. మనుషులకూ పద్ధతి ఇదే. ఏ పద్ధతిలోనైనా పనిముట్టు కంటే చేతి నిదానం ముఖ్యం.

ఇంత జాగ్రత్త ఎందుకో కోల్‌కతా వాసులకు చెప్పనక్కర్లేదు: రక్తం పీల్చే ప్రాణి రోగాన్నీ మోస్తుంది. పక్షుల మలేరియా దోమ ద్వారా పాకుతుందని రోనాల్డ్ రాస్ 1898లో నిరూపించింది ఈ నగరంలోనే, నేటి ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రి ఆవరణలో. దానికి అయిదేళ్ల ముందే, 1893లో, అమెరికాలో శాస్త్రవేత్తలు థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ పశువుల టెక్సాస్ జ్వరం గోమారి ద్వారా వస్తుందని ప్రకటించారు. దోమకు దక్కిన పేరు గోమారికి దక్కలేదు, దోమ మీద ఉన్న భయమూ జనానికి దీని మీద లేదు. ఇది న్యాయం కాదు. కుక్కల్లో ఎర్లిషియా, బబీసియా రోగాలు తెచ్చేది గోమారే. కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో 1957లో బయటపడ్డ కోతిజ్వరాన్ని మనుషులకు అంటించేది మరో జాతి గోమారి. కుట్టాక రెండు మూడు వారాల్లోపు జ్వరం, దద్దుర్లు, కుట్టినచోట నల్లటి పక్కు కనిపిస్తే వైద్యుడికి గోమారి సంగతి తప్పక చెప్పాలి.

అయితే చేతి నిదానమే ముఖ్యమన్న మాట ఇక్కడ సగమే నిలుస్తుంది. గోమారి పిల్ల రక్తం తాగిన ప్రతిసారీ రాలిపడి, గోడ పగుళ్లలో చేరి కుబుసం విడుస్తుంది. ఆడది అక్కడే వేల గుడ్లు పెడుతుంది. కోల్‌కతా పాతిళ్ల ఇటుక సందులు దానికి మంచి కాపురం. ట్వీజర్ తీసేది కళ్లకు కనిపించినదాన్ని మాత్రమే. సందులు పూడ్చాలి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి, పశువైద్యుడు బరువు చూసి రాసిన మందు క్రమం తప్పకుండా వాడాలి. కుక్కల మందు పిల్లికి పూయకూడదు. వాటిలో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీయగలదు. అదే అరుగు మీద పడుకునే వీధికుక్కలకూ మందు అందాలి. లేకుంటే ఇంటి కుక్కకు ఎంత శ్రద్ధగా తీసినా గోమార్లు మళ్లీ ఎక్కుతాయి.