గ్రంథసమీక్ష, గ్రంథాలయము, పాఠకుడు: ఒక ఆత్మవిమర్శ

అర పుట సమీక్ష ఎంత దూరము ప్రయాణము చేస్తుందో సమీక్షకులమైన మేము తరచుగా ఆలోచించము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోని గ్రామ సంఘకాపరులలో చాలామందికి వేదాంత గ్రంథమును చేతిలోకి తీసుకొని, తిరగేసి చూచి కొనే అవకాశము లేదు. సమీక్ష చదివి, దాని చివర ఉన్న వెల చూచి, "ప్రతులకు" అన్నచోట ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తారు. ఆ విధముగా సంఘపు అలమరలోనికి ఏ గ్రంథము రావాలో చాలావరకు సమీక్షకుడే నిర్ణయిస్తున్నాడు. ఈ అధికారమును మనము ఎట్లు వాడుతున్నామన్నదే ఈ వ్యాసములో మేము పరిశీలించదలచిన విషయము.

మొదట మా తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. కొన్నేండ్ల క్రిందట మిత్రుడొకరు తన గ్రంథము పంపగా మేము సమీక్షించాము. సగము పుటలు మాకే కొరకరానివిగా ఉన్నా, స్నేహము కొద్దీ "ప్రతి కాపరి ఇంట ఉండదగిన గ్రంథము" అని ముగించాము. ఆ మాట నమ్మి ఒక గ్రామ సంఘము కానుకల సొమ్ముతో ఆరు ప్రతులు కొన్నది. తరువాత వాక్యోపదేశమునకు అక్కడికి వెళ్ళినప్పుడు ఆ ఆరు ప్రతులూ అలమరలో కొత్తవిగానే ఉన్నాయి. "మాకు అర్థము కాలేదు అయ్యగారూ, మా చదువు చాలదేమో" అన్నారు సంఘపెద్ద. లోపము వారి చదువులో లేదు, మా సమీక్షలో ఉన్నది.

ముందుమాట ఆశీర్వాదము వంటిది. ఆవిష్కరణ సభలో ప్రసంగము మర్యాద. సమీక్ష మాత్రము పాఠకుని పక్షమున చెప్పే సాక్ష్యము. పౌలు బోధను సహితము లేఖనములతో సరిచూచుకొన్న బెరయవారిని (అపొ. కా. 17:11) లూకా మెచ్చుకొన్నాడు గాని తప్పుపట్టలేదు. మన సమీక్షలలో ఆ పరిశీలన కరవై, మూడు పనులూ ఒకటిగా కలిసిపోయాయి.

అతిస్తుతి కంటె పెద్ద నష్టము మౌనము వలన కలుగుతున్నది. మన పత్రికలు సాధారణముగా సమీక్షకు పంపబడిన గ్రంథములనే సమీక్షిస్తాయి. పంపే స్తోమత లేని రచయిత లేనివాడుగానే లెక్క. ఈ పొరపాటుకు మన నేల మీదనే ఒక పాఠమున్నది. నిజాం రాష్ట్రములో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" ప్రచురించి జవాబు చెప్పారు. పాలకుర్తి సోమనాథుని, బమ్మెర పోతనను కన్న నేటి జనగామ ప్రాంతము కూడ ఆ రాష్ట్రములోనిదే. కవులు లేక కాదు, వారిని గూర్చి చెప్పేవారు లేక ఆ మాట పుట్టినది.

క్రైస్తవ సాహిత్యములోను ఇదే జరుగుతున్నది. నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలు కేంద్రముగా పరిచర్య చేసిన బిషప్ వి. ఎస్. అజరయ్యగారు 1912లో అభిషిక్తులైన మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1954లో లండనునుండి ఒక ప్రపంచ క్రైస్తవ గ్రంథమాలలో వెలువడి దేశదేశాల పాఠకులకు చేరినది. అట్టి గ్రంథములను ఈ తరము కాపరులకు తిరిగి పరిచయము చేయుట సమీక్షకుల బాధ్యత కాదా? సమీక్ష కొత్త పుస్తకములకే పరిమితము కానక్కరలేదు.

అమెరికాలో గ్రంథాలయ సంఘమువారు 1905లో ప్రారంభించిన "బుక్‌లిస్ట్" పత్రిక, ముఖ్యముగా చిన్న గ్రంథాలయముల ఎంపికకు తోడ్పడుటకు పుట్టినది. కొనదగినవని తేలిన గ్రంథములనే అందులో సమీక్షించుట ఆనవాయితీ. అక్కడ మౌనము కూడ చదివి ఇచ్చిన తీర్పు కాగలదు. మన మౌనము చదవకుండ ఇచ్చిన తీర్పు.

ప్రభుత్వ గ్రంథాలయములకును ఇది వర్తిస్తుంది. మన జిల్లా గ్రంథాలయములలో నేడు ఎక్కువగా కనబడేది ఉద్యోగ పరీక్షలకు చదివే యువత. వారి అవసరము న్యాయమైనదే. వారు అడుగుతారు గనుక ఆ పుస్తకములు వస్తాయి. ఎవరికీ తెలియని మంచి పుస్తకమును ఎవరూ అడగరు, దానిని అడిగించగలిగేది సమీక్షే. పుస్తకమును పాఠకునితో కలుపుటే గ్రంథాలయ ధర్మమని 1931లో రంగనాథన్‌గారు సూత్రీకరించారు. ఆ కలయికకు సమీక్షకుడు మధ్యవర్తి.

కాబట్టి మా సూచనలు మూడు. గ్రంథము ఎవరికి ఉపయోగము, ఎవరికి కాదు అన్నది ప్రతి సమీక్షలోను స్పష్టముగా వ్రాయాలి. రచయిత మిత్రుడైతే ఆ సంగతి చెప్పాలి, లేదా సమీక్షను వేరొకరికి అప్పగించాలి. సంచికకు ఒకటైనను ఎవరూ పంపని గ్రంథమును మనమే వెదకి సమీక్షించాలి.

చెరసాలనుండి కూడ పుస్తకములు తెమ్మని పౌలు తిమోతికి వ్రాశాడు (2 తిమోతి 4:13). ఏవి తేవాలో తిమోతికి తెలిసియుండాలి. మా మాట నమ్మి ఆరు ప్రతులు కొన్న ఆ సంఘమునకు, చదువగలిగిన ఒక్క పుస్తకము పేరు చెప్పవలసిన అప్పు మాకు ఇంకను మిగిలియున్నది.