తుంటి ఎముకలో పసుపు గీతలు

డయాలసిస్ మీదున్న పిల్లల ఎముక లోపల ఏం జరుగుతోందో తేల్చి చెప్పే పరీక్ష మా వృత్తిలో ఒకటే, బయాప్సీ. ముందు రెండు మూడు రోజులు టెట్రాసైక్లిన్ ఇస్తారు. కొన్నాళ్లు ఆగి మళ్లీ ఇస్తారు. తర్వాత తుంటి ఎముక నుంచి చిన్న ముక్క తీసి, అతినీలలోహిత కాంతిలో మైక్రోస్కోపు కింద పెడితే రెండు పసుపు గీతలు మెరుస్తాయి. వాటి మధ్య ఎడం ఎంతో, ఆ రోజుల్లో కొత్త ఎముక అంత పట్టిందన్నమాట. (ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ మందుతో పళ్లు గారపడతాయి, అదో చిక్కు.)

నేను శిక్షణ పొందిన అమెరికాలోనూ ఈ పరీక్ష అరుదే. రోజూ చూసేది పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) అంకె. 2005 నాటి అక్కడి మార్గదర్శకాలు డయాలసిస్ పిల్లలందరికీ దాన్ని 200-300 మధ్య ఉంచమన్నాయి. కానీ నల్లజాతివారిలో, కిడ్నీలు బాగున్నవాళ్లలో కూడా, సగటున విటమిన్ డి తక్కువ, పీటీహెచ్ ఎక్కువ. ఎముక సాంద్రత మాత్రం తెల్లవారికన్నా ఎక్కువే. అలాంటప్పుడు అందరికీ ఒకే గీత గీస్తే ఎలా? పీటీహెచ్‌ని మరీ అణిచేస్తే ఎముక తనను తాను మరమ్మతు చేసుకోవడమే మానేస్తుంది.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌ది ఇంకో తమాషా. జాతి గడిలో 'బ్లాక్' అని నొక్కితే పోల్చే సగటు పెరుగుతుంది, ఆ సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే జెడ్ స్కోరు పడిపోతుంది. ఎముక అదే! 2011లో వచ్చిన అమెరికన్ పిల్లల ప్రమాణాల్లో వర్గాలు రెండే: నల్లవారు, కానివారు. న్యూజెర్సీలో పుట్టిన మన తెలుగు పిల్ల రెండోదాంట్లో పడుతుంది. పైగా కిడ్నీ జబ్బుతో ఎదుగుదల తగ్గిన పిల్లల ఎముకను, ఎత్తు లెక్కలోకి తీసుకోకపోతే, ఆ స్కాన్ ఉన్నదానికన్నా పలచగా చూపిస్తుంది.

జాతి పేరుతో కొలిచేదంతా ఒంట్లోనిదే అనుకోను. అక్కడ నల్లజాతి పిల్లలకు కిడ్నీ మార్పిడి తెల్ల పిల్లలకన్నా ఆలస్యంగా అందుతోంది. డయాలసిస్ మీద గడిచే ప్రతి ఏడూ ఫాస్ఫరస్ పేరుకునే ఏడే. పెద్దల కిడ్నీ పనితీరు లెక్కలోంచి జాతిని 2021లో తీసేశారు. పిల్లలకు ఎక్కువగా వాడే ష్వార్ట్జ్ సూత్రంలో జాతి మొదటినుంచీ లేదు, ప్రధానంగా ఎత్తు, క్రియాటినిన్.

ఇక్కడ హైదరాబాద్‌లో నేను ఒక్క పీటీహెచ్‌నే పట్టుకుని మందు మార్చను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మణికట్టు ఎక్స్‌రే, పాత రిపోర్టులు వరసగా పరుచుకుంటాను. తల్లిని అడిగేది రెండు: "డయాలసిస్ మొదలై ఎన్నాళ్లయిందమ్మా? ఫాస్ఫరస్ మాత్ర అన్నంతోపాటే వేస్తున్నారా, తిన్న గంటకా?" తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచాల్సిన మాత్ర అది, గంటకైతే దండగే. అలాంటప్పుడు మోతాదు పెంచను, వేళ మారుస్తాను.