పనిలేని చోట పెంకు

లారీ బేకర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఇటుక జాలీలు, వంపు తిరిగిన గోడలు. ఆయన పనితనం అంతా పైకప్పులో ఉందని నేనంటాను. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, పితోరాగఢ్ కొండల్లో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ తర్వాత తిరువనంతపురంలో స్థిరపడ్డ ఈ వాస్తుశిల్పి కట్టిన ఇళ్లలో ఫిల్లర్ స్లాబుకు, అంటే కొంత కాంక్రీటు బదులు పెంకులు పొదిగిన పైకప్పుకు, పూతా ఉండదు, సున్నమూ ఉండదు. బూడిదరంగు కాంక్రీటు గళ్ల మధ్య ఎర్రని మంగుళూరు పెంకులు వరసగా కనిపిస్తాయి. కంటికి అలంకారంలా తోస్తుంది గానీ, ఆ పెంకును అక్కడికి చేర్చింది లెక్క.

స్లాబు మీద బరువు పడితే అది నడుమ కిందికి వంగాలని చూస్తుంది. పైపొర నొక్కుకుంటుంది, అడుగుపొర సాగుతుంది. నొక్కుడును కాంక్రీటు బ్రహ్మాండంగా తట్టుకుంటుంది. సాగదీస్తే మాత్రం పగులుతుంది. అందుకే అడుగున ఇనప చువ్వలు వేస్తాం. ఆ లాగుడంతా చువ్వలే భరిస్తున్నప్పుడు వాటి మధ్య నిండిన కాంక్రీటుకు మిగిలిన పని చాలా తక్కువ. పైగా దాని బరువు మోయడానికి ఇంకాస్త ఇనుము కావాలి. అక్కడే కాంక్రీటు తగ్గించి పెంకు పెట్టారు.

చెప్పినంత సులువు కాదు చెయ్యడం. ముందు పెంకు కొలత చూసుకుని, దాన్నిబట్టి చువ్వల గళ్లు కట్టాలి. పెంకుకూ పెంకుకూ మధ్య చువ్వ చుట్టూ కాంక్రీటు నిండేంత సందు వదలాలి. లేకపోతే కొన్నేళ్లకు ఇనుము తుప్పు పడుతుంది. పెంకులను ముందే నీళ్లలో బాగా నానబెట్టాలి. ఎండు పెంకు కాంక్రీటులోని నీటిని పీల్చేస్తుంది, దాని చుట్టూ సిమెంటు సరిగ్గా గట్టిపడదు. గోడల దగ్గర పెంకులు ఆపేసి నిండు కాంక్రీటే పొయ్యాలి, స్లాబును కోసేసే బలం అక్కడే ఎక్కువ గనక. పోసేటప్పుడు చెక్కపలకల మీదే నడవాలి, పెంకు జరగకూడదు. నాకు అన్నిటికన్నా నచ్చేది రెండు పెంకులను ఒకదానిమీద ఒకటి పెట్టే తీరు. వాటి మధ్య చిక్కిన గాలి ఎండవేడిని గదిలోకి తేలిగ్గా దిగనివ్వదు. మే నెలలో మామూలు స్లాబు కింద రాత్రిళ్లు పడుకున్నవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇలా కాంక్రీటు పాతిక శాతం దాకా మిగులుతుంది, ఇనుము కూడా కొంత తగ్గుతుంది. సిమెంటుకు ప్రాణమైన క్లింకరు తయారు చెయ్యాలంటే సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి. ఇంధనం పొగ ఒక ఎత్తు, రాయి లోపలినుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ మరో ఎత్తు. టన్ను క్లింకరుకు మొత్తం 800 కిలోల పైమాటే. రాయిలోంచి వచ్చే వాయువును బట్టీ ఎంత మెరుగుపరిచినా ఆపలేం. సిమెంటు తక్కువ వాడే పనితనానికి నేను ఇంత విలువ ఇవ్వడం అందుకే. పెంకునూ కాల్చే చేస్తారు, నిజమే, కానీ ఆ వేడి చాలా తక్కువ. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే పెంకులూ, అంచు విరిగిన పెంకులూ అయితే దానికీ కొత్తగా బట్టీ వెలిగించాల్సిన పని లేదు.

1980లలో త్రిస్సూర్ కేంద్రంగా మొదలైన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఈ పద్ధతులను మేస్త్రులకు నేర్పుతూ ఇళ్లు కడుతోంది. బేకర్ స్వయంగా చేతిరాతతో, బొమ్మలతో చిన్నచిన్న పుస్తకాలు వేశారు. తాపీమేస్త్రి బొమ్మ చూసి పని పట్టుకోగలడు.

ఇంత చేసినా ఇది ఊరూరా పాకలేదు. అందుకు మేస్త్రుల చేతకానితనాన్ని తప్పుబట్టడం నాకు ఇష్టం లేదు. కాంక్రీటు పనికి సాధారణంగా ఘనపు మీటర్ల లెక్కన బిల్లు చేస్తారు. ఎక్కువ పోసినవాడికి ఎక్కువ వస్తుంది. పెంకులు నానబెట్టి, గళ్లు సరిచూసి, పాతిక శాతం మిగిల్చిన మేస్త్రి తన బిల్లునే తగ్గించుకున్నట్టు. ఫిల్లర్ స్లాబును వైశాల్యం లెక్కన, మామూలు స్లాబు ధరకు దగ్గరగా కట్టి, మిగులులో మేస్త్రికి వాటా ఇస్తే ఆ ఒడుపుకు కూలి దక్కుతుంది. ఇళ్ల పథకాల అంచనాలు వేసే ఇంజనీర్లు ముందు ఆ ఒక్క పద్దు మార్చాలి.